తీసివేతల మాస్టారు, అత్తగారి నిద్రమాత్ర

ఆ పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, ముసలివాళ్ల వార్డులో, పొద్దున పూట "దొరికాడు దొంగ!" అని కేక వినిపిస్తే పాతవాళ్లెవరూ కంగారు పడరు. కొత్తగా చేరినవాళ్ల బంధువులు మాత్రం ఉలిక్కిపడి జేబులు తడుముకుంటారు. వాళ్లకి పక్క మంచం వాళ్లే సర్దిచెబుతారు. "ఏం లేదండీ, తీసివేతల మాస్టారికి ఇంకో బిళ్ల దొరికినట్టుంది. కూర్చోండి, కూర్చోండి."

ఈ మాస్టారు లెక్కల మాస్టారు కాదు, ఆ వార్డు మందులు చూసుకునే ఫార్మసిస్టు. యాభై దాటిన మనిషి. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసం జేబులన్నీ వెతుక్కునే రకం. డాక్టర్లు మందులు రాస్తారు, సిస్టర్లు వేస్తారు, ఈయన తీసేయిస్తాడు. "కూడికలు ప్రతివాడికీ వచ్చండీ. వచ్చిన డాక్టరల్లా ఒక బిళ్ల కూడి పోతాడు. తీసేవాడు ఒకడైనా ఉండొద్దూ?" అంటాడు. తీసివేతల మాస్టారు అన్న పేరు వార్డు పెద్ద సిస్టరు పెట్టింది. ఎగతాళికే పెట్టింది. ఆయనేమో అదేదో బిరుదైనట్టు పొంగిపోయి ఇంటికెళ్లి భార్యకి కూడా చెప్పుకున్నాడు.

ఆయనకో పద్ధతి ఉంది. వార్డులో ఎవరు చేరినా, ఇంట్లో ఉన్న మందులన్నీ వాళ్ల మనుషులు ఒక సంచిలో వేసి తేవాలి. డాక్టరు రాసినవి మాత్రమే కాదు. దిండు కింద దాచుకున్నవి, పక్కింటావిడ "నాకు బాగా పనిచేసింది" అని చేతిలో పెట్టినవి, ఎందుకు మింగుతున్నారో మింగే మనిషికే తెలియనివి, అన్నీ. ఆ సంచిని మంచం పక్క బల్లమీద, తెల్ల ట్రేలో కుమ్మరిస్తాడు. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, మంచంమీద మనిషి మొహంలోకి చూసి, "ఇది ఎందుకు వేసుకుంటున్నారండీ?" అని అడుగుతాడు. సంచి రానిదే ఒక్క మందు జోలికి పోడు. మనుషులు మొహమాటానికి అబద్ధం చెబుతారు గానీ సంచి చెప్పదు అన్నది ఆయన సిద్ధాంతం.

ఒకసారి ఒక ముసలి దర్జీని తెచ్చారు. సొంత కూతుర్ని పట్టుకుని "జాకెట్టు ఎప్పటికి కావాలమ్మా?" అంటున్నాడు. మతి పోయిందని ఇంటిల్లిపాదీ తీర్మానించేసుకున్నారు. మాస్టారు సంచి కుమ్మరించాడు. రక్తపోటు బిళ్ల పడక కాళ్లు వాచాయి. వాపు చూసి ఇంకో డాక్టరు నీరు పోయే బిళ్ల రాశాడు. నీరు మాటిమాటికీ పోతోందని మూడో డాక్టరు దాన్ని ఆపే బిళ్ల రాశాడు. ఆ మూడోది ముసలాయన నోరెండగట్టి బుర్రకి ముసుగేసింది. "అసలు రోగం ఒక్కటే! మిగతావి ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చాయి! దొరికాడు దొంగ!" అంటూ మాస్టారు ఎగిరి గంతేశాడు. వార్డుకి పెద్ద అయిన డాక్టరమ్మ మొదటి బిళ్ల మార్చింది, వెనకాల రెండూ ఎగిరిపోయాయి. కొన్నాళ్లకి దర్జీ మంచం మీద లేచి కూర్చుని, మాస్టారి కాలరు వేళ్లతో పట్టి చూసి, "ఎవడయ్యా కుట్టింది? చేతులు విరిచెయ్యాలి" అన్నాడు. ఆ తిట్టుని మాస్టారు ఆసుపత్రి అంతా తిరిగి పంచిపెట్టాడు.

ఇన్ని దొంగల్ని పట్టినా ఆయన కన్ను మాత్రం ఒక్కదాని మీదే ఉండేది. ఆ ఆసుపత్రి కంప్యూటరులో ఒక బటన్ ఉంది. కొత్తగా ఎవరు చేరినా డ్యూటీ డాక్టరు ఆ ఒక్క బటన్ నొక్కుతాడు. నొప్పికొకటి, కడుపులో మంటకొకటి, వాంతికొకటి, నిద్రకొకటి, అన్నీ దానంతటవే రాసేసుకుంటాయి. దాన్ని అందరూ గంపగుత్త అంటారు. ఇరవై ఏళ్ల కుర్రాడికీ అదే, ఎనభై ఏళ్ల అవ్వకీ అదే. కుర్రాడు మర్నాడు లేచి ఇంటికి పోతాడు. ఆ అవ్వకేమో నిద్రమాత్ర మత్తు ఒంట్లోంచి దిగనే దిగదు. తెల్లవారకముందు బాత్రూమ్‌కని లేచి, కాలు తడబడి పడుతుంది. పడితే విరిగేది ఎముక ఒక్కటేనా? అంతటితో నడక పోతుంది, ధైర్యం పోతుంది, మనిషే సగమైపోతుంది. ఇది ఆ వార్డులో అందరికీ తెలుసు. కానీ పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

"నేను కడతాను" అన్నాడు మాస్టారు.

"కట్టండి. రాత్రి డ్యూటీకి కూడా మీరే రండి. ముసలాళ్లంతా ఒక్కసారి లేచి కూర్చుని మంచినీళ్లు, మనవడు, మరుగుదొడ్డి అంటుంటే మీరే సమాధానం చెబుదురు గాని" అంది పెద్ద సిస్టరు. ఆవిడ మాటలోనూ న్యాయం ఉంది. పొద్దున పూట తీసేసిన బిళ్ల బరువు రాత్రి మోసేది వాళ్లే.

అప్పుడు మాస్టారు ఛాతీ విరుచుకుని తన ఇంటి సంగతి బయటపెట్టాడు.

ఇంటి సంగతంటే అత్తగారి సంగతే. పెళ్లయిన కొత్తలో రెండు నెలలుందామని అత్తగారింట్లో దిగినవాడు, ఇప్పటిదాకా అక్కడే ఉన్నాడు. ఆవిడ బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆ రూటులో టికెట్ సంచి భుజాన వేసుకున్న మొదటి ఆడమనిషి. గొంతెత్తి "ముందుకి జరగండి, లోపల ఖాళీగానే ఉంది!" అందంటే, మూడు వీధుల అవతల నిలబడ్డవాడు కూడా ఒకడుగు ముందుకి జరుగుతాడు. అల్లుణ్ని "మీరు" అనాలన్న మర్యాద మొదటి వారంలోనే వదిలేసింది. వదిలేసిందే గానీ, పొద్దున్నే ఆయన బూట్లు గుమ్మం ముందు తుడిచి పెట్టేది కూడా ఆవిడే. ఎందుకండీ అత్తయ్యా అంటే, "డ్యూటీకెళ్లే మనిషి బూట్లు మెరవాలి. నువ్వెలాగూ చెయ్యవు" అనేది.

ఆవిడకి ఎప్పుడో పిత్తాశయంలో రాయి తీశారు, ఇదే ఆసుపత్రిలో. ఆ రోజు ఎవరో గంపగుత్త నొక్కారు. రెండు రాత్రుల కోసం రాసిన నిద్రమాత్ర ఇంటికి వచ్చింది, వచ్చింది ఇంక పోలేదు. ఏళ్లు గడిచాయి. రోజూ రాత్రి గ్లాసుడు పాలతో పాటు ఆ బిళ్ల అత్తగారి చేతిలో పెట్టేది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ తీసివేతల మాస్టారే! ఊరందరి బిళ్లలూ పీకించే మగధీరుడు ఇంట్లో కుక్కిన పేను. ఒకటి రెండుసార్లు నసిగాడు. "అత్తయ్యా, ఆ బిళ్ల వయసు మీదపడ్డవాళ్లకి..." అనబోతే, "ఈ బండికి కండక్టర్ని నేను. నువ్వు ప్యాసింజరువి. కూర్చో" అంది. కూర్చున్నాడు.

చివరికి ఒక ఉపాయం పన్నాడు. చెప్పకుండా బిళ్లని సగం చేశాడు. కొన్ని వారాలాగి పావు చేశాడు. ప్రతి పొద్దునా గుండె చిక్కబట్టుకుని "నిద్ర పట్టిందా అత్తయ్యా?" అని అడిగేవాడు. "ఓ, బ్రహ్మాండంగా!" అనేది ఆవిడ. మాస్టారి మొహం వెలిగిపోయేది. ఆవిడకి అనుమానమే రాలేదు, బిళ్ల పావుకి దిగింది, మనిషి గుండ్రాయిలా ఉంది!

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట గెలిచేశాను. ఇంక రచ్చే మిగిలింది" అని డాక్టరమ్మ బల్ల గుద్ది చెప్పాడు. డాక్టరమ్మ నవ్వింది. "సరే, మన వార్డులో గంపగుత్తలోంచి నిద్రమాత్ర తీయించేద్దాం. మూడు నెలలు చూద్దాం. పడేవాళ్లు తగ్గితే ఆసుపత్రి మీటింగులో పెడతాను, అన్ని వార్డులకీ తీయిస్తాను. తగ్గకపోతే మళ్లీ ఈ మాట ఎత్తకూడదు" అంది. మాస్టారు మెట్లు రెండేసి చొప్పున దిగి, కింద గుమ్మం దగ్గర, తన కళ్లజోడు పైన డాక్టరమ్మ బల్లమీదే ఉండిపోయిందని గుర్తొచ్చి మళ్లీ ఎక్కాడు.

ఇంటికెళ్లేసరికి అక్కడ ఇంకో సంబరం. డిపో నుంచి ఫోనొచ్చిందట. ఇంకో నాలుగు నెలల్లో అత్తగారి పాత రూటులో కరెంటుతో నడిచే కొత్త బస్సు వేస్తున్నారు. మొదటి ట్రిప్పుకి ఆవిడొచ్చి, ఫుట్‌బోర్డు మీద నిలబడి, "రైట్" చెప్పాలి. ఆవిడ రైట్ అన్నాకే బండి కదలాలి.

"ఫుట్‌బోర్డు మీద నిలబడి చెప్పాలి, తెలుసా? కుర్చీలో కూర్చుని చెప్పేది కాదు!" అంటూ ఆవిడ గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉంది. తలుపు వెనక మేకుకి వేలాడే పాత తోలు టికెట్ సంచి దించి తుడిచింది. అద్దం ముందు నిలబడి నాలుగైదు రకాలుగా రైట్ అని చూసుకుంది. "అమ్మా, పక్కింట్లో బండి స్టార్ట్ చేసేస్తారు, కాస్త ఆగు" అని కూతురు మొత్తుకుంది.

సరిగ్గా ఆ వారంలోనే ఆవిడ పడింది. తెల్లవారుజామున బాత్రూమ్‌కని లేచింది. గడప దగ్గర కాలు ఎక్కడ పడుతోందో తెలియలేదు. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. తెచ్చి మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచంలో పడుకోబెట్టారు. మత్తు దిగీ దిగకముందే ఆవిడ అడిగిన మాట ఒక్కటే. "అల్లుడూ, ఫుట్‌బోర్డు ఎక్కగలనా?"

"ఎక్కిస్తానత్తయ్యా! నడిపించి మరీ ఎక్కిస్తాను!" అన్నాడు మాస్టారు. వెంటనే డ్యూటీ డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. "ఆపరేషన్ వార్డులో రాసిన నిద్రమాత్ర మా అత్తగారికి అక్కర్లేదు. పావు బిళ్ల మీదే ఉంది, అంటే లేనట్టే. కొట్టేయండి" అన్నాడు. ఇంటి నుంచి సంచి తెప్పించాలా అని డాక్టరు అడిగితే, "మా ఇంటి మందులు నాకు తెలియవూ? ఇచ్చేది నేనే కదా!" అని నవ్వేశాడు. అందరికీ సంచి రూలు పెట్టిన మనిషి, తన ఇంటికొచ్చేసరికి పప్పులో కాలేశాడు.

మొదటి రోజు ఆవిడ వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసింది. నడక నేర్పే అమ్మాయి చప్పట్లు కొట్టింది. రెండో రోజు చేతులు వణకడం మొదలైంది. వాకరు మీద పట్టు నిలవలేదు. మూడో రోజు పొద్దున మాస్టారు వార్డులోకి అడుగు పెట్టేసరికి పెద్ద సిస్టరు గుమ్మంలోనే ఎదురొచ్చింది. లోపలినుంచి ఆ కంచు గొంతు వినిపిస్తోంది. "టికెట్! టికెట్! చిల్లర తీసి పెట్టుకోండి! వెనకాల పెద్దాయనా, దిగుతారా లేదా?"

ఆవిడ ఒళ్లంతా చెమట. కళ్లు నిప్పుకణాల్లా ఉన్నాయి. రెండు రాత్రులుగా రెప్ప వాల్చలేదట. ఎదురు మంచం వాళ్లని నిలబడమంటోంది, లేని తాడు పట్టుకుని గంట లాగుతోంది. మాస్టారు దగ్గరికెళ్లి "అత్తయ్యా, నేను" అన్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసి, "ఎక్కడికండీ?" అంది. అండీ అంది! ఇన్నేళ్లలో ఆవిడ నోట ఆయన్ని ఉద్దేశించి ఆ మాట రాలేదు.

"డ్యూటీ డాక్టరు మత్తు సూది రాశాడు. ఇంకా చెయ్యలేదు, మీరొస్తారని ఆపాను. కింద వార్డుల్లో అప్పుడే మాటలు మొదలయ్యాయి. నిద్రమాత్రలు తీసేస్తే ఏమవుతుందో మాస్టారి అత్తగార్నే చూడండి అంటున్నారు" అంది పెద్ద సిస్టరు.

"ఆపరేషన్ వల్ల... ఈ వయసులో కొందరికి..." అని మాస్టారు నీళ్లు నమిలాడు.

సిస్టరు చేతులు కట్టుకుంది. "సంచి ఏది మాస్టారూ?"

"ఆ?"

"సంచండీ. ఎవరొచ్చినా సంచి, సంచి అని మా ప్రాణాలు తీస్తారు కదా. మీ అత్తగారి సంచి ఏది?"

మాస్టారు భార్యకి ఫోన్ చేశాడు. ఇల్లంతా వెతకమన్నాడు. దిండు కింద, పరుపు కింద, బీరువా వెనక, అన్నీ. ఆవిడ గంటలో ఆటో దిగింది. చేతిలో తలుపు వెనక వేలాడే ఆ తోలు టికెట్ సంచి ఉంది. "ఇంకెక్కడా ఏం లేవండీ. ఇందులో ఏదో గలగలమంటోంది" అంది.

మాస్టారు సంచిని తెల్ల ట్రేలో కుమ్మరించాడు. నిద్రమాత్రల అట్టలు! కొన్ని ఖాళీవి, కొన్ని సగం వాడినవి. వాటితో పాటు దురదకి వేసుకునే పాతకాలపు బిళ్లలు, మత్తు ముంచుకొచ్చే రకం. వీధి చివర మందుల కొట్టతను చిన్నప్పుడు ఆవిడ బస్సులోనే బడికెళ్లాడు. చీటీ లేకుండా ఇవ్వకూడదని తెలిసినా కండక్టరమ్మకి లేదనగలడా?

పావు బిళ్ల అని మాస్టారు మురిసిపోతున్న రోజులన్నీ ఆవిడ నిండు బిళ్ల మీదే ఉంది. పైగా కొసరుగా ఇంకొకటి. నిండు బిళ్లకి ఏళ్ల తరబడి అలవాటు పడ్డ ఒంటికి అది ఒక్కసారి ఆగిపోయింది. ఆపేసింది ఎవరో కాదు, ఇలా ఒక్కసారి ఆపకూడదని ఊరందరికీ పాఠం చెప్పే మనిషే!

"దొరికాడు దొంగ" అన్నాడు మాస్టారు నెమ్మదిగా. ఈసారి గంతెయ్యలేదు. ట్రేలోని అట్టల వంక కాక, పైన దీపం వెలుగులో ట్రే అంచు మీద కనిపిస్తున్న తన మొహం వంక చూస్తున్నాడు.

మరుక్షణం ఆయనలో పాత మనిషి లేచాడు. అట్టలు పట్టుకుని, కారిడార్లో బూట్లు కిర్రుమంటుండగా డాక్టరమ్మ గదికి పరిగెత్తాడు. "సూది వద్దు! ఇది మతి పోవడం కాదు, బిళ్ల ఆగిపోవడం! పాత మోతాదు మళ్లీ మొదలుపెట్టాలి, ఇప్పుడే, ఈ పూటే!" డాక్టరమ్మ ఆయన మొహం చూసింది, అట్టలు చూసింది, ఇంకో మాట లేకుండా రాసింది. తీసివేతల మాస్టారు స్వయంగా కూడిక చేయించాడన్న వార్త టీ వేళకల్లా ఆసుపత్రి అంతా పాకింది.

రెండు రోజులకి ఆవిడ మనిషిలో పడింది. పొద్దున కళ్లు తెరిచి, మంచం పక్కన కూలబడ్డ అల్లుణ్ని చూసి, "ఆ బూట్లేమిటి అలా ఉన్నాయి? నేను లేకపోతే తుడిచే దిక్కు లేదా?" అంది. మాస్టారికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏడుపే గెలిచింది.

"అత్తయ్యా, మీకు చెప్పకుండా బిళ్ల కోశాను. తప్పు చేశాను."

"తెలుసులే. కండక్టరుకి చినిగిన టికెట్టు తెలియదా? పావు ముక్క చేతిలో పెట్టి, పాలగ్లాసు అడ్డం పెట్టేవాడివి."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు మరి? రోజూ అడిగేవాణ్ని కదా!"

ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "అడిగేటప్పుడు నీ మొహం ఎలా ఉండేదో నీకు తెలియదు. బాగా పట్టిందనగానే చిన్నపిల్లాడిలా గంతులేసుకుంటూ డ్యూటీకి పోయేవాడివి. పట్టలేదని ఎలా చెప్పను? నా దారిన నేను తెచ్చుకున్నాను."

ఇద్దరూ ఒకరినొకరు నొప్పించకూడదని ఎంత పని చేశారో చూడండి! ఒకరు దొంగతనంగా తీశారు, ఒకరు దొంగతనంగా వేసుకున్నారు. మధ్యలో విరిగింది తుంటి.

"అత్తయ్యా, మిమ్మల్ని పడేసింది ఆ బిళ్లే. అది మానితేనే కాళ్లు మీ మాట వింటాయి. కానీ ఈసారి మీకు చెప్పకుండా ముక్క కూడా తియ్యను. ఒట్టు."

"మానేస్తే మళ్లీ ఆ పిచ్చి వస్తుందా?" ఆవిడ గొంతులో భయం ఆయన మొదటిసారి విన్నాడు.

"ఒక్కసారిగా మానితే వస్తుంది. మెల్లమెల్లగా తగ్గిస్తే రాదు."

ఆవిడ ఉన్నట్టుండి మంచంమీద నిటారుగా లేచి కూర్చుంది. "ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చు కదయ్యా! నడుస్తున్న బండిలోంచి దూకితే మూతిపళ్లు రాలతాయని ఎంతమందికి చెప్పానో. స్లో చెయ్యాలి, స్టేజీ రావాలి, అప్పుడు దిగాలి. ఇన్నాళ్లూ నువ్వు నన్ను వెనకనుంచి తోసేద్దామని చూశావు. ఇప్పుడు స్టేజీలు నేను చెబుతాను, బండి నువ్వు తోలు. సరేనా?"

"సరే అత్తయ్యా!"

"డిపో వాళ్ల బస్సు నాటికి ఎక్కడుంటాం?"

"జాగ్రత్తగా దిగితే పావుకి వస్తాం. నిజం పావు."

"రైట్" అంది ఆవిడ.

అక్కణ్నుంచి ఆ వార్డులో ఇద్దరు తీసివేతల వాళ్లయ్యారు. ఆవిడ మిగతా మంచాల వాళ్లని కూడా పట్టుకుంది. ఏళ్లుగా బిళ్ల మింగుతున్న దర్జీలకీ టీచర్లకీ వాకరు మీద ఆనుకుని "మనం దూకట్లేదండీ, దిగుతున్నాం" అని చెప్పేది. డాక్టర్లు చెబితే తలూపి మర్చిపోయేవాళ్లు, ఆవిడ చెబితే తమ స్టేజీ ఎప్పుడని అడిగేవాళ్లు. రాత్రి నిద్ర ఎందుకు పట్టదో కూడా ఆవిడే తేల్చింది. "మీ మందుల బండి చక్రం కీచుమంటుంది, దానికి నూనె వేయించండి. మొహాల మీద ఆ పెద్ద లైటు ఆపండి. కబుర్లు టీ గదిలో చెప్పుకోండమ్మా. ఇంత గోలలో డిపోలో బస్సులు కూడా నిద్రపోవు!" పెద్ద సిస్టరు ముందు మూతి ముడుచుకుంది. తర్వాత తనే నూనె డబ్బా పట్టుకుని చక్రం ముందు కూర్చుంది.

మీటింగు రోజు వచ్చింది. డాక్టరమ్మ వార్డు సంగతులు చదివింది. పడేవాళ్లు నిజంగానే తగ్గారు. గదిలో గుసగుసలు లేచాయి. అప్పుడు శస్త్రచికిత్సల విభాగం పెద్దాయన అడిగాడు. "మరి మీ ఫార్మసిస్టుగారి అత్తగారి సంగతేమిటి?"

చెప్పకుండా దాటేద్దామంటే దాటేయొచ్చు. డాక్టరమ్మ దాటేద్దామనే చూసింది. మాస్టారు లేచి నిలబడ్డాడు. "ఇంట గెలిచానని మీ అందరికీ చెప్పుకున్నానండీ. గెలవలేదు. మా అత్తగారికి చెప్పకుండా బిళ్ల కోశాను, సంచి చూడకుండా ఆపించాను. అది నా తప్పు. కానీ ఆ బిళ్ల మా ఇంటికి ఎలా వచ్చింది? ఈ ఆసుపత్రిలో రెండు రాత్రుల కోసం ఎవరో బటన్ నొక్కారు. ఎక్కించడానికి మనకి బటన్ ఉంది. దించడానికి ఏముంది? అందుకే కొత్తవాళ్లకి ఎక్కించొద్దు. ఎక్కినవాళ్లని తొయ్యొద్దు, చెప్పి దించుదాం."

వెనక వరసలోంచి పెద్ద సిస్టరు గొంతు వినిపించింది. "రాత్రి డ్యూటీ చేసేది మేము. నిద్రమాత్రలు పోయాక మా రాత్రులు ముందుకంటే నయంగా ఉన్నాయి. బటన్‌లోంచి తీసేయండి. సంచి రూలు మాత్రం అందరికీ పెట్టండి, మాస్టారి చుట్టాలకి కూడా." గది గొల్లుమంది. గంపగుత్తలోంచి డెబ్బై దాటినవాళ్లందరికీ నిద్రమాత్ర ఆ పూటే ఎగిరిపోయింది. మాస్టారు మెట్లు రెండేసి దిగుతూ ఇంటికి పరిగెత్తాడు. ఈసారి కళ్లజోడు నెత్తిమీదే ఉంది.

ఇక ఆ బస్సు! తెల్లగా, తళతళలాడుతూ, చప్పుడే లేకుండా వచ్చి డిపో గేటు దగ్గర ఆగింది. పాత డ్రైవర్లు, పాత కండక్టర్లు, ఆ రూటులో ముసలివాళ్లయిన ప్యాసింజర్లు, మూడో అంతస్తు వార్డు నుంచి పెద్ద సిస్టరు, అంతా వచ్చారు. అత్తగారు భుజాన తోలు సంచి వేసుకుంది. అందులో ఇప్పుడు మందుల్లేవు, డిపో వాళ్లిచ్చిన టికెట్లున్నాయి. ఎవరో కుర్చీ తెచ్చి వేస్తే దాని వంక అసహ్యంగా చూసింది. వాకరు అల్లుడి చేతికిచ్చింది. కడ్డీ పట్టుకుంది. ఒక కాలు పైకి పెట్టింది. మాస్టారు చెయ్యందించబోయి ఆగిపోయాడు. రెండో కాలు కూడా పైకి వచ్చింది. ఆవిడ ఫుట్‌బోర్డు మీద నిలబడింది!

"ముందుకి జరగండి! లోపల ఖాళీగానే ఉంది!"

వీధి వీధంతా గొల్లున నవ్వింది, చప్పట్లు మోగాయి. జనం ఎక్కారు. మాస్టారు కూడా వాకరుతో పాటు ఎక్కి టికెట్ కోసం చెయ్యి చాపాడు. ఆవిడ చించి ఇచ్చింది. చూస్తే, పిల్లలకిచ్చే అర టికెట్టు.

"ఇదేంటత్తయ్యా?"

"నువ్వు నాకిచ్చింది పావు. పావు టికెట్టు ఈ డిపోలో లేదు. అందుకని అర. కూర్చో." తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకుని, ఆ రూటు మొత్తానికి వినపడేలా "రైట్!" అంది. బస్సు కదిలింది.

ఊరంతా చుట్టి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆవిడ హాల్లో కుర్చీలో వాలి, సంచి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంది. భార్య వంటింట్లో పాలు కాచింది. మాస్టారు జేబులోంచి ఆ పూట పావు బిళ్ల తీశాడు. గ్లాసు పట్టుకుని వచ్చి చూస్తే, అత్తగారు నోరు కాస్త తెరిచి హాయిగా గురక పెడుతోంది.

మాస్టారు అలాగే నిలబడిపోయాడు. లేపితే పాపం. లేపకుండా బిళ్ల వెనక్కి పట్టుకెళ్తే? అది చెప్పకుండా తీసేయడమే కదా. ఒట్టు పెట్టాడాయె. చేతిలో పాలు చల్లారిపోతున్నాయి. చివరికి వంగి, చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "అత్తయ్యా... బిళ్ల ఉంది. వేసుకుంటారా? వద్దా? మీరే చెప్పాలి."

ఆవిడ కళ్లు తెరవలేదు. చెయ్యి మాత్రం ఒళ్లోంచి కాస్త పైకి లేపి, గాల్లో ఊపింది.

"ఈ స్టేజీలో ఎక్కేవాళ్లెవరూ లేరు. రైట్, పోనీ."